పద్నాలుగు నిమిషాలు

మొదటి బల్ల దగ్గర హరీష్ చెయ్యెత్తాడు.

చీఫ్ ఆర్బిటర్ తిరుపతయ్య సార్ నడిచి వెళ్లి అతని పక్కన వంగాడు. హరీష్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని రెండు మాటలు చెప్పాడు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి తలెత్తలేదు. ఆమె కుడిచేతి బొటనవేలి గోరు నల్లబడి, సగానికి అరిగిపోయి ఉంది. ఆ గోటితో బల్ల అంచును గీరుతూ బోర్డు వంకే చూస్తోంది.

మూడో వరుస దగ్గర నిలబడిన ఉమారాణికి ఆ రెండు మాటలూ వినపడలేదు. వినపడకపోయినా అవేమిటో తెలుసు. పొద్దున్నుంచీ హాల్లో అదే గుసగుస.

వనపర్తిలో పాన్‌గల్ రోడ్డు మీది ఫంక్షన్ హాలు అది. పెళ్లిళ్లు లేని రెండు ఆదివారాలు చూసుకుని మూడు జిల్లాలకూ కలిపి చదరంగం పోటీ పెట్టారు. ఆదివారానికి మూడు రౌండ్లు. నూటపది మంది ఆటగాళ్లు, తీర్పు చెప్పే ఆర్బిటర్లు నలుగురు. ఆ నలుగురిలో ఆడమనిషి ఉమారాణి ఒక్కతే. హైస్కూల్లో లెక్కల టీచరు. హరీష్‌ది నాగర్‌కర్నూలు. వరసగా మూడేళ్లు కప్పు అతనిదే. హాల్లో ఉన్న పిల్లల్లో సగం మంది అతని దగ్గర నేర్చుకునేవాళ్లే. ఎదురుగా ఉన్న అమ్మాయి శ్వేత. గద్వాల అవతల గట్టు మండలంలో ఊరు, సీడు పత్తి చేలల్లో పని అని ఫారంలో రాసింది. ఆ ఫారం చూసి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఎవరో నవ్వారు. పొద్దున రెండో రౌండులో గద్వాల బ్యాంకు ఉద్యోగిని ఇరవై ఎనిమిది ఎత్తుల్లో ఓడించాక ఆ నవ్వు ఆగి గుసగుస మొదలైంది.

తిరుపతయ్య సార్ కళ్లతో పిలిచాడు. ఉమారాణి వెళ్లింది.

"మేడం, ఆ పిల్ల ఇప్పటికి మూడుసార్లు బాత్రూంకు పోయొచ్చిందంట. పోయొచ్చినప్పుడల్ల, సెల్లుల చూసొచ్చినట్టు, గట్టి ఎత్తు వేస్తుందంటుండు హరీష్. ఒకసారి లోపలికి తీస్కపోయి చూడుండ్రి. ఆడోళ్లను ఆడోళ్లే చూడాలె గద."

"ఫిర్యాదు రాసిచ్చిండా సార్?"

"ఆట నడుస్తుంటే రాసుడేంది? హరీష్ ఊకె అంటడా? జర మంచిగ చూసి రాండ్రి. అయిపోతది."

అనుమానం వస్తే ఆటగాణ్ణి తనిఖీ చేసే హక్కు ఆర్బిటర్‌కు ఉంది. ఆ రూలు ఉమారాణికి తెలుసు. తనిఖీకి తీసుకెళ్లే ముందు, ఆటగాడికి మిగిలిన సమయం తరిగిపోకుండా గడియారం ఆపాలన్నదీ తెలుసు. బల్ల పక్కనే ఉన్న తిరుపతయ్య సార్ ఆపుతాడనుకున్నానని తర్వాత ఆమె తనకు తాను చెప్పుకుంది. నిజానికి ఆ క్షణంలో గడియారం ఆమెకు గుర్తే రాలేదు. మనసులో ఉన్నది ఒకటే మాట. ఏదో దొరుకుతుంది.

"శ్వేతా, ఒక్క నిమిషం నాతో రా అమ్మా."

అమ్మాయి లేచింది. లేచేముందు తన కాగితం మీద, హరీష్ వేసిన ఎత్తు పక్కన, గడియారంలో తనకు మిగిలిన సమయం చూసి 18:30 అని రాసుకుంది.

*

పెళ్లికూతుర్ని తయారుచేసే గదిలోకి తీసుకెళ్లింది. అద్దం చుట్టూ బల్బులు, అద్దం మీద ఎవరివో నాలుగు బొట్టుబిళ్లలు. ఉమారాణి గడియ పెట్టింది.

"చున్నీ తియ్యి."

"ఎందుకు మేడం?"

"తనిఖీ. రూలు ఉంది."

అమ్మాయి చున్నీ తీసి ఇచ్చింది. ఉమారాణి దాని అంచులన్నీ వేళ్లతో నొక్కి చూసింది. పదో తరగతి పరీక్షల్లో చీటీలు పట్టుకోవడం ఇరవై ఏళ్లుగా ఆమెకు అలవాటైన పని. ఎక్కడెక్కడ దాస్తారో ఆమె చేతులకు తెలుసు. గొంతు కూడా ఆ పరీక్షల గొంతే అయిపోయింది. జడ విప్పమంది. చెవుల వెనక చూసింది. భుజాలు, చంకలు, వీపు తడిమింది. శ్వేత చేతులు పక్కలకు చాచి, గోడవైపు చూస్తూ, పెదాలు మెల్లగా కదుపుతూ నిలబడింది. నడుము దగ్గర ఉమారాణి చేతికి ఏదో తగిలింది.

"ఇదేంది?"

"మేడం, అది..."

"తియ్యి బయటికి."

చిన్న పొట్లం. వార్తాపత్రిక ముక్కలో చుట్టి ఉంది.

"విప్పు."

పట్టుకుంటేనే తెలుస్తోంది అదేమిటో. విప్పమనాల్సిన అవసరం లేదు. అమ్మాయి గోడవైపు తిరిగి కాగితం మడతలు ఒక్కొక్కటే విప్పింది. ప్యాడు. దాన్ని అరచేతిలో పెట్టి చూపించింది.

"నిన్నటి సంది, మేడం. అందుకే పోయిన మూడుసార్లు."

అక్కడితో ఆగవచ్చు. మంచిగా చూడమన్నాడు కదా అనుకుంది ఉమారాణి. సల్వారు నాడా కూడా విప్పించింది. చూసింది. ఏమీ లేదు. నెలసరిలో ఉన్న ఒక ఆడపిల్ల తప్ప ఆ గదిలో ఇంకేమీ లేదు.

"సరే, వేసుకో."

శ్వేత బట్టలు సర్దుకుంది. జడ వేసుకునే ఓపిక లేనట్టు జుట్టును ముడి చుట్టింది. పొట్లాన్ని మళ్లీ అదే కాగితంలో, అవే మడతల్లో చుట్టింది. ఉమారాణి అటు చూడలేక అద్దంలోకి చూసింది. అద్దంలో తన మెడలోని ఆర్బిటర్ బ్యాడ్జి తిరగబడి కనిపించింది.

బల్ల దగ్గరికి వచ్చేసరికి గడియారం తిరుగుతోంది. శ్వేత వైపు 4:10. 4:09.

శ్వేత కూర్చోలేదు. "మేడం, నా టైం?" అంది.

ఉమారాణి తిరుపతయ్య సార్ వైపు చూసింది. ఆయన ఒకసారి గడియారం చూశాడు. ముఖం కొంచెం మారింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆట నడవనియ్యండి మేడం. మధ్యల టైం మారిస్తే ఇంకో లొల్లి" అన్నాడు.

"నేను రాసుకున్న సార్. పద్దెనిమిదిన్నర ఉండె" అంది శ్వేత కాగితం చూపిస్తూ.

మాట్లాడాల్సింది ఉమారాణి. తీసుకెళ్లింది తను. ఆపాల్సింది తను. హరీష్ తల వంచుకుని బోర్డు చూస్తున్నాడు. చుట్టుపక్కల బల్లల వాళ్లు తమ ఆటలు వదిలి ఇటే చూస్తున్నారు. ఉమారాణి శ్వేతకు కుర్చీ చూపించింది.

"ఆడు అమ్మా. టైం పోతది" అంది.

శ్వేత ఆమెను రెండు క్షణాలు చూసింది. కూర్చుంది. కూర్చున్న వెంటనే ఏనుగు ఎత్తి హరీష్ గుర్రాన్ని కొట్టింది.

ఉమారాణి బోర్డు చూసింది. ఆ గుర్రానికి రాజు కాపలా ఉంది. ఏనుగు ఊరికే పోతోంది. తొందరలో, అవమానంలో, చూసుకోకుండా వేసిందనిపించింది. నా వల్లే, అనుకుంది. హరీష్ కూడా ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, రాజుతో ఏనుగును కొట్టాడు. ఇప్పుడు అతనికి ఏనుగు ఉంది, ఆమెకు లేదు. ఆమెకు మిగిలినవి ఒక రాజు, బోర్డు ఎడమ అంచున పక్కపక్కనే ఉన్న రెండు బంట్లు.

ఆ బంట్లలో ఒకటి ఒక గడి కదిలింది. హరీష్ ఏనుగు దాని వెనక్కి వచ్చింది. రెండో బంటు కదిలింది. ఏనుగు పక్కకు జరిగింది. మొదటిది ఇంకో గడి.

అప్పుడు ఉమారాణికి అర్థమైంది. ఏనుగు ఒక బంటును కొడితే రెండోది మంత్రి అవుతుంది. దాన్ని ఆపితే మొదటిది అవుతుంది. ఏనుగును కొట్టడానికి వెళ్లిన హరీష్ రాజు బోర్డుకు ఆ చివర ఉంది, ఎంత పరిగెత్తినా ఒక ఎత్తు ఆలస్యం. ఏనుగును ఇచ్చి ఆమె ఆ రాజును ఇంకో గడి అవతలికి లాగింది. ఇది తొందరలో వేసే ఎత్తు కాదు. ఎంతో ముందునుంచి చూసి పెట్టుకున్నది.

ఎత్తుకు ముప్పై సెకన్లు కలుస్తాయి. శ్వేత ఆ ముప్పైలో పదికి మించి వాడుకోలేదు. హరీష్‌కు ఇరవై రెండు నిమిషాలున్నాయి. అతను తొమ్మిది నిమిషాలు ఆలోచించాడు. చెవులు ఎర్రబడ్డాయి. అతని శిష్యులు బల్ల చుట్టూ చేరి, మాట్లాడకుండా, ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తున్నారు. చివరికి అతను గడియారం ఆపి చెయ్యి చాచాడు. వేళ్ల చివరలు మాత్రమే కలిపి వెనక్కి తీసుకున్నాడు.

శ్వేత కాగితం మీద తన పేరు కింద 1 రాసింది. అతని పేరు కింద 0 రాసి సంతకానికి జరిపింది.

హరీష్ సంతకం పెట్టలేదు. తెల్ల కాగితం అడిగి ఫిర్యాదు రాశాడు. తిరుపతయ్య సార్ మైకు తీసుకుని, మొదటి బల్ల ఫలితం విచారణ అయ్యేదాకా ఆపుతున్నామని చెప్పాడు.

శ్వేత హాలు మధ్యలో నిలబడిపోయింది.

"తనిఖీ చేసిన్రు గద సార్. ఏం దొరికిందో చెప్పుండ్రి."

తిరుపతయ్య సార్ ఉమారాణి వైపు చూశాడు. శ్వేత చూసింది. నూటపది మందీ, వాళ్ల తల్లిదండ్రులూ చూశారు. ఏమీ దొరకలేదు. రెండంటే రెండు మాటలు.

"లోపల మాట్లాడుకుందాం అమ్మా" అంది ఉమారాణి.

శ్వేత లోపలికి రాలేదు. చెప్పులు వేసుకుని గద్వాల బస్సుకు వెళ్లిపోయింది.

*

సోమవారం మధ్యాహ్నం స్కూల్లో ఉండగా తిరుపతయ్య సార్ ఫోన్ చేశాడు.

"రిపోర్టు రాయాలె మేడం. ఏం దొరకలే అని రాయండి. పూర్తిగ చూడనీకి వీలుపడలేదు అని గూడ ఒక మాట పెట్టండి. అప్పుడు ఆ ఆట రద్దు చేసి, ఇద్దరికీ చెరి అర పాయింటు ఇస్తం. హరీష్‌కూ మర్యాద, ఆ పిల్లకూ నష్టం లేదు."

"పూర్తిగనే చూసిన సార్."

"తెల్సు. గానీ..."

"గడియారం సంగతి?"

"అది ఎత్తకండి మేడం. ఎత్తితే మీ లైసెన్సుకే వస్తది. తీస్కపోయింది మీరే గద."

తొమ్మిదో తరగతికి వెళ్లి బోర్డు మీద సమీకరణం రాసి, రెండో మెట్టులో గుర్తు తప్పు వేసింది. పిల్లలు చెప్పేదాకా చూసుకోలేదు. చెరిపి, మళ్లీ అదే తప్పు రాసింది.

పోటీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: గట్టు అమ్మాయిని గదిలోకి తీస్కపోయి చెక్ చేసిన్రంట, అందుకే రిజల్టు ఆపిన్రు. కింద నలభై దాకా లైకు బొటనవేళ్లు. ఒక బొటనవేలు ఆమె తోటి టీచరుది. ఉమారాణి జవాబు టైపు చేసింది. చెరిపేసింది. ఇంట్లో అన్నం కలుపుతుంటే ఆ వార్తాపత్రిక మడతలు విప్పుకుంటున్న వేళ్లు కళ్లముందు కదిలాయి. కంచం తోసి లేచింది. భర్త అడిగితే తలనొప్పి అంది.

మంగళవారం సెలవు పెట్టింది. గద్వాలకు ఒక బస్సు, అక్కణ్ణుంచి గట్టు బస్సు. దారి అడుగుతూ వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఎల్లయ్య చేలో ఉందని చెప్పారు.

విత్తనం కోసం పెంచే పత్తి, నడుము ఎత్తున ఉంది. సాళ్ల మధ్య పదిహేను మంది ఆడవాళ్లు, తలలకు తువ్వాళ్లు చుట్టుకుని, రేపు విచ్చుకోబోయే మొగ్గలను వెతుకుతున్నారు. మొగ్గ దొరికితే ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలి గోటితో చుట్టూ గాటు పెట్టి, రేకులూ పుప్పొడీ కలిపి తొడుగులా లాగేస్తారు. నడిమధ్య సన్నని కాడ ఒక్కటే మిగలాలి. గోరు కొంచెం లోతుగా దిగితే కాయ రాలిపోతుంది. ఆ కాడకు గుర్తుగా ఎర్ర కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగపూలు తెచ్చి దానికి రుద్దాలి. రెండు నెలలు, ఒక్క రోజు నాగా లేకుండా. శ్వేత గోరు ఎందుకు నల్లగా ఉందో ఉమారాణికి అప్పుడు తెలిసింది.

శ్వేత ఆమెను చూసింది. చెయ్యి ఆపలేదు.

"అమ్మా, మేడం వచ్చింది" అంది పక్క సాలు వైపు.

పక్క సాల్లోంచి భీమమ్మ తల బయటికి వచ్చింది. శ్వేత తల్లి. ఉమారాణి ఈడుదే, చూడ్డానికి పదేళ్లు పెద్దగా ఉంది.

"నువ్వేనా ఆ మేడం?"

"నేనేనమ్మా. క్షమించమని అడగనీకి వచ్చిన. మీ బిడ్డ దగ్గర ఏం దొరకలేదు. చాన తప్పు చేసిన."

"నా బిడ్డ దగ్గర ఏం దొరకలే అని నాకు చెప్పనీకి గింత దూరం వచ్చినవా? నాకు తెల్వదా?" భీమమ్మ ఒక మొగ్గ గిల్లి కింద పడేసింది. "ఊర్లె ఏమంటున్నరో ఎర్కనా నీకు? సెల్లు దాసుకుందంట, బట్టలిప్పిచ్చి చూస్తే దొరికిందంట. నిన్న బోరింగు కాడ నా మొకం మీదనే అన్నరు. గెలిచినంక గూడ మేమే తల దించుకోవాల్నా?"

భీమమ్మ చేత్తో చేనంతా చూపించింది.

"చెప్తే గా సాళ్లల్ల ఉన్నోళ్లకు చెప్పు. ఆళ్లు ఊర్లె చెప్తరు."

శ్వేత, "వద్దు లేమ్మా" అంది. భీమమ్మ వినలేదు. "ఇటు రాండ్రే ఒకసారి" అని కేకేసింది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే చేని గట్టు మీదికి వచ్చారు. చేతుల నిండా పసుపు రంగు పుప్పొడి. రోజూ నలభై మంది ముందు మాట్లాడే ఉమారాణి మొదట తన పేరు చెప్పింది.

"నేను ఉమారాణి. ఆదివారం శ్వేతను తనిఖీ చేసింది నేనే. సెల్లు గాని, ఇంకేదన్న గాని, ఏం దొరకలేదు. ఆమె ఏ తప్పు చెయ్యలేదు. తప్పు నాది. నేను లోపల చూస్తుంటే ఆమె గడియారం ఆపలేదు. పద్నాలుగు నిమిషాలు పోయినయి. అయినా గెలిచింది. మూడేళ్ల సంది ఎవ్వరు ఓడించనోణ్ణి ఓడించింది. ఏం దొరకలేదని ఆ రోజు అందరి ముందు నేను చెప్పాల్సింది. చెప్పలేదు."

"హౌదా?" అంది ఒకామె, కన్నడంలో అవునా అన్నట్టు. ఆమెది సరిహద్దు అవతలి ఊరు కాబోలు.

అందరికంటే వెనక నిలబడ్డ ముసలామె ముందుకు వచ్చింది. ముత్యాలమ్మ అంటారు ఆమెను.

"మరి ఆయప్పను గూడ చూసిన్రా?"

"ఎవరిని?"

"ఓడిపోయినాయనను. ఆయన బట్టలు గూడ ఇప్పిచ్చి చూసిన్రా?"

"లేదు."

"ఎందుకు చూడలె?"

"ఎవరూ అడగలేదు" అంది.

ముసలామె వెనక్కి తిరిగి సాల్లోకి వెళ్లింది. మిగతావాళ్లూ వెళ్లారు. పొద్దు గుంకేలోపు ఎకరం మొగ్గలు అవ్వాలి. ఎండలో ఉమారాణి ముఖం చెవుల దాకా కాలింది. ఆదివారం హాల్లో కన్నా ఎక్కువగా.

రోడ్డు దాకా శ్వేత వచ్చింది. ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు.

"మీరు గూడ అనుకున్నరా మేడం? నేను దొంగాట ఆడిన అని?"

అబద్ధం చెప్పడానికి వీలున్న ప్రశ్నే అది.

"అనుకున్న. ఏదో దొరుకుతదనే అనుకున్న."

శ్వేత తలూపింది. కోపం తెచ్చుకోలేదు. గోరు అంచున పేరుకున్న జిగురును గిల్లుకుంది.

"ఆ ఏనుగు ఎత్తు గదిలకు రాకముందే చూసిన. మీరు జడ విప్పిస్తుంటే గూడ అదే లెక్క చూస్తున్న. ఏనుగు ఇస్త, రాజు వస్తడు, బంటు నడుస్తది, ఏనుగు వెనకకు వస్తది. మళ్ల మొదటికెంచి. అదే అనుకుంట నిలబడ్డ. లేకుంటే ఏడుపొస్తుండె మేడం. ఏడిస్తే ఆడలేకపోదును."

బస్సు దుమ్ము కనిపించింది.

"వచ్చే ఆదివారం వస్తవా?" అని అడిగింది ఉమారాణి. అడగడానికి తనకేం హక్కుందో తెలియలేదు.

"ఎందుకు రాను? గెలిచిన గద" అంది శ్వేత.

*

శుక్రవారం సాయంత్రం తిరుపతయ్య సార్ ఇంటి వరండాలో కూర్చున్నారు. ఉమారాణి రెండు పేజీల రిపోర్టు ఆయన ముందు పెట్టింది. ఎవరు ఏమన్నారో, గదిలో ఏం చేసిందో, అందులో ఏది చేయాల్సిన అవసరం లేకపోయిందో, గడియారం, హాల్లో తను నోరు విప్పకపోవడం, అన్నీ ఉన్నాయి. ఆఖరి వాక్యం: ఇకమీదట తనిఖీ చేస్తే అందరినీ చేయాలి, లేకపోతే ఎవరినీ చేయకూడదు.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా పేరు గూడ రాసిన్రు."

"టైం మార్చొద్దన్నది మీరే గద సార్."

"ఇది పంపితే ఏడాది దాక మిమ్ముల పక్కకు పెడతరు మేడం. బాగ ఆలోచించుకున్నరా?"

"ఆలోచించుకున్న."

అప్పుడే హెల్మెట్ చేత్తో పట్టుకుని హరీష్ వచ్చాడు. తిరుపతయ్య సార్ కాగితాలు అతని చేతికిచ్చాడు, అతను కోప్పడితే తన పని తేలికవుతుందన్నట్టు. హరీష్ నిలబడే చదివాడు. రెండో పేజీకి వచ్చి ఆగాడు.

"పద్నాలుగు నిమిషాలు కాదు మేడం. పద్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు."

ఇద్దరూ అతని వైపు చూశారు.

"నేను చూస్తనే కూసున్న. మీరు తలుపు పెట్టిన్రు. గడియారం తిరుగుతుంది. నేను చెప్పొచ్చు, ఆపొచ్చు. ఆపలే." హెల్మెట్‌ను ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "ఆమె లోపల ఉన్నప్పుడు నాకు గూడ ఆ ఏనుగు ఎత్తు కనపడ్డది సార్. ఆమె వస్తే నేను పోయినట్టే అనిపించింది. రావొద్దు, టైం అయిపోవాలె అనుకున్న."

"ఊకో హరీష్. అన్నీ చెప్పుకుంటమా?" అన్నాడు తిరుపతయ్య సార్.

"మూడుసార్లు బయటికి పోయింది అన్నది ఒక్కటే నిజం సార్. మిగిలినదంత నేను అనుకున్నదే. ఒక ఆడపిల్ల చేతిల ఓడిపోతున్న అని..." మాట పూర్తి చేయలేదు. జేబులోంచి పెన్ను తీశాడు. రిపోర్టుకు జతచేసిన తన ఫిర్యాదు మీద అడ్డంగా గీత గీసి, కింద సంతకం పెట్టాడు. తర్వాత ఉమారాణి వైపు తిరిగాడు. "ఇందుల నా మాట గూడ రాయండి. పద్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు అని."

అతను చూపును ఆమె మీద నిలపలేకపోయాడు. ఆమె కూడా అతణ్ణి చూడలేకపోయింది. తనకంటే అతను చెడ్డవాడని అనుకోగలిగితే ఆమెకు ఎంతో హాయిగా ఉండేది. ఆ వీలు కూడా లేకుండా పోయింది.

*

ఆదివారం హాలు తలుపుకు కాగితం అంటించారు. పైన ఫలితం: శ్వేత 1, హరీష్ 0. కింద, ఆమె దగ్గర ఏమీ దొరకలేదని, తనిఖీ సమయంలో ఆర్బిటర్ ఉమారాణి గడియారం ఆపకపోవడం వల్ల ఆమె పద్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు నష్టపోయిందని, పోటీ నిర్వాహకులు ఆమెకు క్షమాపణ చెబుతున్నారని. ఉమారాణి సంతకం, హరీష్ సంతకం, తిరుపతయ్య సార్ సంతకం. ఆయనది అన్నిటికన్నా చిన్నగా ఉంది.

తలుపు లోపల రెండు తెరలు కట్టారు. మగవాళ్ల వైపు ఒక వ్యాయామ టీచరు, ఆడవాళ్ల వైపు నాగర్‌కర్నూలు నుంచి రప్పించిన శ్రీవాణి అనే లెక్చరరు. ఆడేవాళ్లందరికీ తనిఖీ. లోపలికి పోవడానికి ఒక్కటే వరుస. ఉమారాణి మెడలో ఈసారి బ్యాడ్జి లేదు. ఆడేవాళ్లకూ ఆర్బిటర్లకూ తప్ప ఈసారి ఎవరికీ లోపలికి ప్రవేశం లేదు. తల్లిదండ్రులతో కలిసి బయట కిటికీ దగ్గర నిలబడింది.

శ్వేత, భీమమ్మ గద్వాల బస్సు దిగి నడిచి వచ్చారు. శ్వేత కాగితం ముందు ఆగింది. పై నుంచి కిందికి, తొందర పడకుండా చదివింది. తల్లికి చదివి వినిపించింది. ఫోన్ తీసి రెండు ఫొటోలు తీసింది. ఫోన్ తల్లి చేతికిచ్చి వరుసలోకి వెళ్లింది.

వరుసలో ముందు హరీష్ ఉన్నాడు. వెనక్కి తిరిగి చూసి, పక్కకు జరిగి, "నువ్వు ముందు పో అమ్మా" అన్నాడు.

"వద్దు సార్. నా వంతు వచ్చినప్పుడే పోత" అంది శ్వేత.

హరీష్ తెర వెనక్కి వెళ్లాడు. తర్వాత శ్వేత వెళ్లింది. ఒక నిమిషంలో బయటికి వచ్చి, మొదటి బల్ల వెతుక్కుని కూర్చుని, పావులను గళ్ల మధ్యకు సరిచేసుకోసాగింది. నాలుగో రౌండు మొదలైంది.

కిటికీ దగ్గర ఉమారాణి పక్కన ఆత్మకూరు నుంచి కూతుర్ని తీసుకొచ్చిన ఒక తండ్రి ఉన్నాడు. నీళ్ల సీసా కిటికీ అరుగు మీద ఇద్దరికీ మధ్య పెట్టి, "తాగుండ్రి మేడం, ఎండ బాగుంది" అన్నాడు. కాసేపు లోపలికి చూసి, "మీ పాప గూడ ఆడుతుందా?" అని అడిగాడు.

"లేదండీ."

"మరి ఎవరికోసం వచ్చిన్రు?"

లోపల శ్వేత మొదటి ఎత్తు వేసి కాగితం మీద రాసుకుంటోంది.

"ఆ మొదటి బల్ల దగ్గర ఉన్న అమ్మాయిని పోయిన ఆదివారం తనిఖీ చేసింది నేనే" అంది.

ఆయన తలుపు మీది కాగితం వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. లోపల వెనక బల్లల్లో ఎక్కడో ఉన్న తన కూతురి వైపు చూశాడు. ఇద్దరి మధ్యా పెట్టిన నీళ్ల సీసా తీసుకుని, కిటికీకి అవతలి పక్కకు జరిగి నిలబడ్డాడు.